వంతెన దాటి వచ్చే విద్యార్థులు

టెక్సాస్ పడమటి కొసన రియో గ్రాండే నదికి ఇవతల ఎల్ పాసో, అవతల మెక్సికో నగరం హువారెస్. ఎల్ పాసోలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం ఈ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంది. అందరూ యూటెప్ అంటారు. 1914లో గనుల బడిగా మొదలైంది. ప్రాంగణంలో ముందుగా కంటబడేవి లోపలికి వాలిన గోడలు, వెడల్పాటి చూరులు ఉన్న భూటాన్ తరహా భవనాలు. ఒక పత్రికలో భూటాన్ ఫొటోలు చూసిన అప్పటి డీన్ భార్య క్యాథ్లీన్ వొరెల్ ఈ శైలిని సూచించారు. ఎడారి కొండల మధ్య హిమాలయపు కట్టడాలు విడ్డూరంగా ఉండాలి గానీ, అతికినట్టే ఉంటాయి.

ఇక్కడి విద్యార్థులు సుమారు 25 వేలు. ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారు. కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం వాళ్లే చాలామంది. ఇంట్లోనే ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ చదువుతారు. డిగ్రీ విద్యార్థుల్లో కనీసం నాలుగో వంతు లాటినోలుంటే అమెరికా చట్టం ఆ సంస్థను ‘హిస్పానిక్ సర్వింగ్’ (లాటినోలకు సేవలందించేది) అంటుంది. ఈ గుర్తింపు తలలు లెక్కపెట్టి ఇచ్చేది. చేరినవారికి ఏం ఒరిగిందని అడగదు. యూటెప్ ప్రత్యేకత ఆ లెక్కకు బయటే ఉంది.

భాషాశాస్త్రవేత్త డయానా నటాలిసియో 1988 నుంచి 2019 దాకా దీనికి అధ్యక్షురాలు. విద్యార్థులను వడగట్టి పేరు తెచ్చుకోవడం ఆమెకు పట్టలేదు. దరఖాస్తు పెట్టినవారిలో దాదాపు అందరికీ సీటు దొరుకుతుంది. అయినా ఆమె పదవీకాలం ముగిసే నాటికి యూటెప్ అమెరికా పరిశోధనా విశ్వవిద్యాలయాల అగ్రశ్రేణిలో చేరింది. తలుపులు బార్లా తెరిస్తే ప్రమాణాలు పడిపోతాయనే వాదనకు ఇంతకంటే గట్టి జవాబు లేదు.

విద్యార్థులను రప్పించే పని బడిలోనే మొదలవుతుంది. 1991లో విశ్వవిద్యాలయం, స్థానిక కమ్యూనిటీ కాలేజీ, బడులు నడిపే స్థానిక సంస్థలు (స్కూల్ డిస్ట్రిక్ట్‌లు) కలిసి ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. బడిలో లెక్కలు, సైన్సు బాగుపడకుండా కాలేజీలో ఎంత సాయం చేసినా ఆలస్యమేనని వాళ్ల అభిప్రాయం. ఊళ్లో టీచర్లలో ఎక్కువమంది యూటెప్‌లో చదివినవారే కాబట్టి, కాలేజీ దారి చెప్పే మనిషి క్లాసులోనే ఉంటారు. హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు సంపాదించి, డిగ్రీ సగంలో అడుగుపెట్టేవారూ ఉన్నారు.

చేరాక అసలు చిక్కు డబ్బూ, వేళా. ఆదాయం తక్కువున్న టెక్సాస్ కుటుంబాల పిల్లలకు ఫీజు మాఫీ ఉంది. ల్యాబుల్లో, ఆఫీసుల్లో పార్ట్‌టైమ్ పని ఇస్తారు. బయట దుకాణంలో పనికి వెళ్లే కుర్రవాడు ప్రాంగణానికి దూరమవుతాడు, ఇక్కడ పనిచేస్తే ప్రొఫెసర్ల కళ్లెదుటే ఉంటాడు. చిన్న ఏర్పాటే గానీ, అన్నిటికన్నా తెలివైనది ఇదే. డబ్బు అవసరంలో ఉన్న మెక్సికన్ విద్యార్థులు టెక్సాస్ వాసులకుండే తక్కువ ఫీజే కడతారు. హువారెస్ నుంచి వచ్చేవారు వంతెన మీద తనిఖీ వరుసలో నిలబడి, ఆపైన క్లాసు అందుకోవాలి.

బయటి అండ మాత్రం తగ్గుతోంది. పత్రాల్లేని వలస పిల్లలకు టెక్సాస్ వాసుల ఫీజే వర్తింపజేసిన 2001 నాటి టెక్సాస్ చట్టం 2025 జూన్‌లో కోర్టు ఉత్తర్వుతో ఆగిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో ‘హిస్పానిక్ సర్వింగ్’ సంస్థలకు తన విచక్షణతో ఇచ్చే గ్రాంట్లను నిలిపివేస్తున్నట్టు ఫెడరల్ విద్యాశాఖ ప్రకటించింది.