బోర్డు మీద రాయరానివి

న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకుని, కొత్త నల్లకోటుతో మా కోర్టు ఆవరణలో అడుగుపెట్టే యువతీయువకులు ఏటా కొందరుంటారు. గోదావరి సీమలోని చిన్న పట్టణం మాది. ఏడాది తిరిగేలోగా వారిలో దాదాపు ప్రతి ఒక్కరూ ఏదో ఒక సాయంత్రం నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "కేసులు ఎలా వస్తాయి సార్?" చట్టం చదివినవారు చట్టం గురించి అడగక ఇది అడుగుతారేమని మొదట్లో అనిపించేది. ఇప్పుడు అనిపించదు. గది అద్దె కట్టలేనివాడికి సాక్ష్యచట్టం అన్నం పెట్టదు కదా! పాతికేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నవాడిగా నాకు తోచిన సమాధానాన్ని ఇక్కడ రాసి పెడుతున్నాను.

వ్యాపారి దుకాణం తెరిస్తే కరపత్రాలు పంచుతాడు. న్యాయవాదికి ఆ వెసులుబాటు లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 36వ నియమం ప్రకారం అతడు ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ పని అడగరాదు, ప్రకటన ఇవ్వరాదు, దళారులను వాడుకోరాదు. గుమ్మానికి తగిలించే బోర్డు సైతం మితమైన పరిమాణంలోనే ఉండాలి. ఫలానా రకం కేసుల్లో నిపుణుడనని గానీ, బార్ అసోసియేషన్ అధ్యక్షుడనని గానీ, ఒకప్పుడు న్యాయమూర్తిగా పనిచేశానని గానీ దానిమీద రాయరాదు. 2008లో నియమాన్ని కొంత సడలించి, సొంత వెబ్‌సైటులో పేరు, చిరునామా, విద్యార్హతలు, వాదించే రంగాలు వంటి కొద్దిపాటి వివరాలకు అనుమతినిచ్చారు. 2024 జులైలో మద్రాసు హైకోర్టు తీర్పు వెలువడ్డాక, అంతర్జాల వేదికల ద్వారా కేసులు సంపాదించడం తగదని కౌన్సిల్ మళ్ళీ గట్టిగా హెచ్చరించింది.

అంటే మన పేరు మనం చెప్పుకోరాదు, మరొకరు చెప్పాలి. ఆ చెప్పేదెవరు? గెలిచిన కక్షిదారు అని కుర్రవాళ్ళు అనుకుంటారు. నా అనుభవం వేరు. గెలిచినవాడు తన పక్షాన న్యాయం ఉంది గనుక గెలిచానని భావిస్తాడు, అది సహజం. మన గురించి నలుగురికీ చెప్పేది ఓడినవాడు. ఏం చెబుతాడన్నది, ఓడిపోయేవరకూ మనం అతనితో ఎలా మెలిగామన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఒకసారి ఒక వృద్ధ రైతు గట్టు తగాదాలో ఇంజంక్షను దావా వేయమని వచ్చాడు. అడంగల్లో అనుభవదారుగా ఎదుటివాడి పేరుంది, సర్వే జరగలేదు. ఈ రెండు లోపాలనూ మొదటిరోజే ఒక కాగితం మీద తెలుగులో రాసి, చదివి వినిపించి, అతని చేతికిచ్చాను. అయినా వేయమన్నాడు. ప్రతి వాయిదానాటి సాయంత్రమూ ఆ రోజు ఏం జరిగిందో ఫోనులో చెప్పేవాణ్ణి. చివరకు దావా కొట్టేశారు. తీర్పు నకలు రాగానే కూర్చోబెట్టి, పేరా తరువాత పేరా తెలుగులో వివరించాను. అప్పీలుకు ఎంత ఖర్చవుతుందో, గెలుపు మీద ఆశ ఎంత సన్ననిదో కూడా దాచలేదు. అతను అప్పీలు వేయలేదు. తరువాతి రెండేళ్ళలో ఆ ఊరినుంచి నాకు ఏడు కేసులు వచ్చాయి. వాటిలో ఒకటి, వేరొక వ్యవహారంలో, ఆ దావా గెలిచిన ప్రతివాదిదే.

రెండవ సంగతి గడువు. ప్రామిసరీ నోటు మీద దావాకు మూడేళ్ళు. ఆలోగా బాకీదారు కొంత సొమ్మిచ్చి, నోటు వెనుక సంతకంతో చెల్లు వేస్తే ఆనాటినుంచి మళ్ళీ మూడేళ్ళు. చెక్కు తిరిగివస్తే ఆ సంగతి బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజులు వేచి ఉండాలి. అప్పటికీ సొమ్ము రాకపోతే ఆపైన నెలలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. ఇవి తెలియని న్యాయవాది లేడు. తెలిసి, ఆ సాయంత్రమే కూర్చుని కాగితం తయారుచేసేవాడు అరుదు. నా తొలినాళ్ళలో ఒక ఎరువుల వ్యాపారి 28వ రోజున చెక్కు పట్టుకుని వచ్చాడు. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో పెద్ద వకీళ్ళెవరూ ఊళ్ళో లేరు. రాత్రికి రాత్రి నోటీసు రాసి, మర్నాడు పోస్టాఫీసు తెరవగానే రిజిస్టరు పోస్టులో పంపి, రసీదు అతనికిచ్చాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ కుటుంబం ఇప్పటికీ నా దగ్గరకే వస్తుంది.

మూడవది ఈ తరానికి కలిసివచ్చిన అవకాశం. 2024 జులై 1 నుంచి మూడు కొత్త నేరచట్టాలు అమల్లోకి వచ్చాయి. ముందస్తు బెయిలు అనగానే మావంటివాళ్ళ నోటికి ఇప్పటికీ 438వ సెక్షనే వస్తుంది. అది నాగరిక్ సురక్షా సంహితలో 482 అయింది. పాత 482వ సెక్షనేమో 528కి వెళ్ళింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది గనుక, కొన్నేళ్ళపాటు రెండూ పక్కపక్కనే నడుస్తాయి. రెంటినీ పోల్చి చదువుకున్న జూనియరును సీనియర్లే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు.

కొన్ని మాటలు ముక్తసరిగా చెబుతాను. "గెలిస్తే ఇంత వాటా" అన్న ఒప్పందం చేసుకోకండి, 20వ నియమం దానిని నిషేధించింది. కోర్టు ఫీజు ఎంతో, మీ ఫీజు ఎంతో విడివిడిగా చెప్పి రసీదు ఇవ్వండి. మూడేళ్ళ అనుభవం రాగానే న్యాయసేవాధికార సంస్థ ప్యానెలుకు దరఖాస్తు చేయండి. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, నిర్బంధంలో ఉన్నవారికి 1987 నాటి చట్టం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం కల్పించింది. ఇచ్చే రుసుము స్వల్పమే కావచ్చు, కానీ క్రాస్ ఎగ్జామినేషన్ మీ నోటితో మీరే చేస్తారు. దళారికి కమీషను ఇచ్చి తెచ్చుకున్న కేసు ఎప్పటికీ దళారిదే. కోర్టు వ్యవహారాల్లో తలదూర్చే రామప్పంతుళ్ళు గురజాడ కాలంతో అంతరించలేదు. అదే నాటకంలో సౌజన్యారావు పంతులు కూడా వకీలేనన్న సంగతిని మనం తరచు మరచిపోతాం.

ఇంత హితవు చెప్పి, ఆ తొలి మూడేళ్ళు ఎలా బతకాలో చెప్పకపోతే ఇదంతా కడుపు నిండినవాడి కబురే అవుతుంది. కొన్నేళ్ళ కిందట మా కోర్టులో ఒక అమ్మాయి ఉండేది. కొబ్బరి దింపు కార్మికుని కూతురు, వంశంలో తొలి పట్టభద్రురాలు. ఆమె రాసిన ప్లెయింటులో ఒక్క వాక్యం దిద్దవలసిన పని ఉండేది కాదు. సీనియరు ఇచ్చేది బస్సు ఛార్జీలకే సరిపోయేది. మూడో ఏట ఒక ప్రైవేటు ఉద్యోగంలో చేరి హైదరాబాదు వెళ్ళిపోయింది. ఆమెతో వచ్చినవారిలో ఈనాడు మిగిలినవారంతా పొలమో, అద్దెలో, వకీలు తండ్రో ఉన్నవారు. ప్రతిభ ఉన్నవారు కాదు, ఆగగలిగినవారు మిగులుతున్నారు. పేదల తరఫున వాదించిన రావిశాస్త్రిగారి వంటి వకీళ్ళు ఇకపై ఎక్కణ్ణుంచి వస్తారు?

2024 అక్టోబరులో బార్ కౌన్సిల్, జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని సూచించింది. అది సూచన మాత్రమే, నిర్బంధం కాదు. చిన్న ఊళ్ళలో చాలామంది సీనియర్లకు అంత శక్తి లేదన్నది నిజమే. కానీ జూనియరు రాసిన ప్రతి కాగితానికీ వచ్చిన ఫీజులో కొంత భాగాన్ని, అడగకముందే, నెల మొదటివారంలో ఇవ్వడానికి ఏ సర్క్యులరూ అక్కరలేదు. నేను అయిదోవంతు ఇస్తున్నాను. చాలదని నాకు తెలుసు.

ఈ టపా చదివే న్యాయవాద మిత్రులు, మీ ఊళ్ళో జూనియర్లకు ఎంత ఇస్తున్నారో మొహమాటం లేకుండా రాస్తే సంతోషిస్తాను.