దిగే చోటు

2018 ఆగస్టు 10 సాయంత్రం అమెరికాలోని సియాటిల్ విమానాశ్రయం నుంచి ఒక విమానం ఎవరి అనుమతీ లేకుండా గాల్లోకి లేచింది. హొరైజన్ ఎయిర్ వాళ్ళ 76 సీట్ల క్యూ400 అది. లోపల ప్రయాణికులు లేరు, పైలెట్ లేడు. ఉన్నది రిచర్డ్ రస్సెల్ అనే ఉద్యోగి ఒక్కడే. సామాన్లు ఎక్కించి దించడం, ఆగి ఉన్న విమానాల్ని ట్రాక్టరుతో లాగి ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం అతని పని. గంటా పది నిమిషాల పాటు ఆకాశంలో తిరిగాడు. విమానాన్ని పల్టీ కూడా కొట్టించాడు. రెండు ఎఫ్-15 యుద్ధ విమానాలు వెంట వచ్చాయి. చివరికి కెట్రన్ అనే చిన్న ద్వీపం మీద కూలి చనిపోయాడు. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

ఆ వార్త విన్నవాళ్ళంతా మొదట అడిగిన ప్రశ్న ఒకటే. శిక్షణ లేనివాడు విమానం ఎలా నడిపాడు? దానికి పెద్ద రహస్యమేమీ లేదు. మూడున్నరేళ్ళుగా అతను ఆ విమానాల మధ్యే పనిచేశాడు. ఆ ఆవరణలోకి వెళ్ళడానికి అతనికి ఎవరినీ ఏమార్చాల్సిన అవసరం లేదు. విమానం నడపడం గురించిన వీడియోల కోసం వెతికాడని తర్వాత ఎఫ్‌బీఐ దర్యాప్తులో తేలింది. వీడియో గేములు ఆడిన అనుభవం ఉందని తనే రేడియోలో చెప్పాడు. కాబట్టి అతను ఏమీ రానివాడు కాదు. ఎవరూ నేర్పకుండా, నేర్చుకునే హక్కు లేకుండా, పక్కనుంచి చూసి నేర్చుకున్నవాడు.

పక్కనుంచి చూసి నేర్చుకోవడం అనగానే నాకు మన వాళ్ళే గుర్తొస్తారు. ఇంట్లో తమ్ముడికి చదువు చెబుతుంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకున్న భండారు అచ్చమాంబ. వంటింట్లో, భర్త పుస్తకం నుంచి లాగిన ఒక్క ఆకు దాచుకుని, కొడుకు రాసుకున్న అక్షరాలతో పోల్చి చూసుకుంటూ చదవడం నేర్చుకున్న బెంగాలీ గృహిణి రాససుందరీ దేవి. స్త్రీల చదువు చరిత్రలో మొదటి అధ్యాయాలు చాలావరకు ఇలాంటి దొంగతనాలే. విమానాల చరిత్రలోనూ అంతే. షికాగోలో గోళ్ళు తీర్చే పనిచేసే బెస్సీ కోల్‌మన్‌ని, నల్లజాతి స్త్రీ అని అమెరికాలో ఏ ఫ్లయింగ్ స్కూలూ చేర్చుకోలేదు. ఆమె ఫ్రెంచి నేర్చుకుని, ఫ్రాన్సు వెళ్ళి, 1921లో లైసెన్సుతో తిరిగొచ్చింది. మన దేశంలో 1936లో 21 ఏళ్ళకి, చీరలోనే జిప్సీ మాత్ నడిపి లైసెన్సు తెచ్చుకున్న సరళా ఠక్రాల్‌కి మాత్రం ఆ ఆకాశం దొంగిలించాల్సి రాలేదు. ఆమె భర్త పైలెట్, ఆ ఇల్లు పైలెట్ల ఇల్లు. ఇంట్లో వాళ్ళు తలుపు తీస్తే ఎంత తేడా ఉంటుందో ఈ ఇద్దరినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

అయితే రస్సెల్ కథని ఈ వరసలో పెట్టి, అతన్ని కూడా మనలో ఒకడిగా కలుపుకోవడానికి నా మనసు ఒప్పుకోదు. ఎందుకో చెప్పడానికి అతని రేడియో సంభాషణ దగ్గరికి వెళ్ళాలి. టవర్‌లోని మనిషి గంటకు పైగా ఎంతో ఓపికగా, పేరు పెట్టి పిలుస్తూ, ఎక్కడ దిగవచ్చో చెబుతూనే ఉన్నాడు. రస్సెల్ మర్యాదగానే మాట్లాడాడు. తనని ప్రేమించేవాళ్ళు చాలామంది ఉన్నారనీ, వాళ్ళు బాధపడతారనీ అన్నాడు. కనీస వేతనం గురించి ఒక మాట అన్నాడు. మధ్యలో, బిడ్డని మోసుకు తిరుగుతున్న ఆ తల్లి తిమింగలం ఎక్కడుందో చెప్పమని అడిగాడు. దిగే ఉద్దేశం మాత్రం తనకి లేదన్నాడు.

ఆ తల్లి తిమింగలం సంగతి కొంత చెప్పాలి. ఆ జులైలో, అదే సముద్రంలో, తహ్లెక్వా అని పేరుపెట్టిన ఓర్కాకి పుట్టిన పిల్ల అరగంటకే చనిపోయింది. ఆ తల్లి చచ్చిన పిల్లని తలమీద నెట్టుకుంటూ 17 రోజులు, దాదాపు 1,600 కిలోమీటర్లు ఈదింది. తర్వాత వదిలేసింది. వదిలేసి, మళ్ళీ గుంపుతో కలిసి వేటకి వెళ్ళింది. ఆమెని పైనుంచి ఒకసారి చూడాలనుకున్నాడు అతను. ఆమె దుఃఖం అతన్ని కదిలించిందన్నమాట. కానీ ఆ దుఃఖం మోసిన తర్వాత ఆమె చేసిన పని, అంటే మళ్ళీ బతుకులోకి రావడం, అతని కంటపడలేదు. మన కవిత్వానికి కూడా ఈ రెండో సగం తరచుగా కంటపడదేమోనని నా అనుమానం.

మా పిన్ని సంగతి చెబితే నా అనుమానం ఇంకొంచెం స్పష్టమవుతుంది. 1984లో తెనాలిలో, నాకు పదేళ్ళప్పుడు, బాబాయి మధ్యాహ్నం నిద్రపోతుండగా ఆవిడ ఆయన చేతక్ స్కూటర్ తీసుకుని హైస్కూలు గ్రౌండుకి వెళ్ళింది. నన్ను కాపలా తీసుకెళ్ళింది. ఎవరూ నేర్పలేదు. ఆరేళ్ళు వెనకాల పక్కకి తిరిగి కూర్చుని, ఆయన ఎడమచెయ్యి ఎప్పుడు తిరుగుతుందో చూసిందంతే. రెండుసార్లు ఆగిపోయినా మూడోసారి బండి కదిలింది. చీర బొడ్లో దోపి, గ్రౌండంతా గుండ్రంగా తిరిగింది. ఆ ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. ఎనిమిదో చుట్టులోనో తొమ్మిదో చుట్టులోనో ఆ ముఖం మారింది. ఆపడం ఆవిడకి తెలియదు. బండి ఆగే సమయానికి రోజూ ఆవిడ దిగడానికి కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఉండేది కాబట్టి, ఆయన కాలు ఎక్కడ తొక్కుతుందో ఎప్పుడూ చూడలేదు. గేదెలు మేపుకుంటున్న ఒకావిడ పరిగెత్తుకొచ్చి, "అమ్మా, ఆ తిప్పే చెయ్యి వదిలెయ్! వదిలెయ్!" అని పక్కనే పరిగెడుతూ అరిచింది. ఇసకకుప్పలోకి వెళ్ళి పడింది పిన్ని. మోకాళ్ళు గీరుకుపోయాయి. బాబాయి లేచేలోపు బండి తుడిచి యథాస్థానంలో పెట్టేసింది.

అయిదేళ్ళ తర్వాత ఒక రాత్రి ఆ ఇంట్లోంచే వచ్చేసింది. అప్పటికే ఆవిడ ఎడమచెవికి సరిగ్గా వినపడేది కాదు. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మ చెల్లెలికి అన్నం పెట్టింది, తన మంచం ఇచ్చింది, తల నిమిరింది. నాలుగో రోజు తాతయ్య వచ్చి, మెల్లగా మాట్లాడి, బస్సెక్కించాడు. మా ఇంట్లో ఎవరూ కఠినులు కారు. అందరూ ఏడ్చారు. ఏడుస్తూనే పంపించారు. ఇప్పుడు పిన్ని ఒక్కతే ఉంటోంది. స్కూటర్ సంగతి అడిగితే నవ్వుతుంది. ఆ నాలుగు రోజుల సంగతి అడిగితే మాట మారుస్తుంది.

రస్సెల్‌కి చనిపోయాక ఒక బిరుదొచ్చింది, స్కై కింగ్ అని. పాటలు కట్టారు, బొమ్మలు వేశారు. అదే 2018 జనవరిలో, 66 ఏళ్ళ మేరిలిన్ హార్ట్‌మన్ అనే ఆమె టికెట్ లేకుండా షికాగోలో విమానమెక్కి లండన్‌లో దిగింది. అలా ఎక్కడం ఆమెకి అది మొదటిసారి కాదు. ఆమె విమానం దొంగిలించలేదు, ఒక్క సీటు దొంగిలించింది. ఎవరి ప్రాణానికీ ప్రమాదం తేలేదు. ఆమెకి పత్రికలు పెట్టిన పేరు "సీరియల్ స్టోఅవే". అంటే అలవాటు పడ్డ దొంగ ప్రయాణికురాలు. ఆమె మీద పాటలు రాలేదు, జోకులొచ్చాయి, కేసులొచ్చాయి. మగవాడి నిరాశ ఆకాశంలో కనిపిస్తే విషాదగాథ, వయసు మళ్ళిన ఆడమనిషి ఎక్కడికైనా పోవాలనుకుంటే పిచ్చి. ఈ తేడా మనకి కొత్తది కాదు. కానీ దీనికి విరుగుడు, మన స్త్రీలకీ అలాంటి గాథలే కట్టడం కాదనుకుంటాను. నిరాశకి కిరీటం పెట్టడం ఎవరి విషయంలోనైనా ప్రమాదమే. అతని భార్య, అతని తల్లి ఆ పాటలు వినాల్సొచ్చింది కదా!

తెలుగు స్త్రీవాద సాహిత్యానికి ఆకాశం పాత నేస్తం. మన నవల పేరు 'ఆకాశంలో సగం', మన కవితా సంకలనం పేరు 'నీలిమేఘాలు'. రెక్కలు, పంజరాలు, ఎగిరిపోవడాలు ఎంత రాసుకున్నామో! రాయాల్సే వచ్చింది, ఎందుకంటే కదలడమే నేరంగా ఉన్న కాలం అది. గడప దాటే క్షణం దగ్గర కథ ముగించడం అప్పుడు ఒక సాహసం. ఇప్పుడు ఆ ముగింపు నాకు సరిపోవడం లేదు. గడప దాటినామె ఆ రాత్రి ఎక్కడ పడుకుంది? మర్నాడు ఎవరికి ఫోన్ చేసింది? ఏ ఊళ్ళో ఏ ఇంటివాళ్ళు ఒంటరి ఆడదానికి గది అద్దెకిచ్చారు? 2005లో వచ్చిన గృహహింస చట్టం, కాపురముంటున్న ఇంట్లో నివసించే హక్కు స్త్రీకి ఉందని రాసింది. చట్టం కూడా చివరికి మాట్లాడింది ఒక కప్పు గురించే, నాలుగు గోడల గురించే.

పైకి లేవడం చూసి నేర్చుకోవచ్చు, దొంగతనంగానైనా. దిగడానికి మాత్రం కింద ఎవరో ఉండాలి. టవర్‌లో ఆ గొంతులాగా, గ్రౌండులో ఆ గేదెలావిడలాగా. ఒక్కోసారి గొంతు ఉన్నా మనిషి దిగడు. మా పిన్ని మాత్రం దిగాలనే వచ్చింది. రాస్తున్న మనందరినీ, పాఠాలు చెబుతున్న మనందరినీ ఒకటే అడగాలని ఉంది. నాలుగు రోజులు ఎవరైనా ఉంచుకుంటారు. అయిదో రోజుకి మన ఇళ్ళల్లో మంచం ఉందా?