పానా, పనలు

నవంబర్ 23, 2023. గురువారం. లేహ్

పొద్దున్నే చండీగఢ్ నుంచి తెచ్చి దించారు. 11,500 అడుగులు. రెండ్రోజులు మంచం దిగొద్దని ఎంఐ రూమ్‌లో డాక్టర్లు చెప్పారు. బూటు లేసు కట్టుకోవడానికి వంగితేనే ఆయాసం. ఆరు రోజులు ఇక్కడ ఒళ్ళు అలవాటు పడాలి, ఆ తర్వాతే ముందుకి.

తాత్కాలిక డ్యూటీ కాగితం మీద సియాచిన్ బేస్ క్యాంప్ అని ఉంది. ఇంట్లో మాత్రం లేహ్ అనే చెప్పాను. నాన్నకి సియాచిన్ అంటే 2016లో టీవీలో చూసిందే. మంచు కింద పడ్డ జవాను హనుమంతప్పని ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో తీశారని దండం పెట్టుకున్నాడు. పోయాడని తెలిసిన రోజు అన్నం తినలేదు. ఆ పేరు ఆయన చెవిన పడకూడదు.

నవంబర్ 27. సోమవారం

కార్తీక పౌర్ణమి. అమ్మ తెల్లారకముందే ఆటోలో సూర్యలంక వెళ్ళి సముద్ర స్నానం చేసొచ్చింది. "నీ పేరున కూడా ఒక మునక వేశా నాయనా" అంది. ఇక్కడ బకెట్లో నీళ్ళు తెల్లారేసరికి గడ్డ కడుతున్నాయి.

నాన్న ఫోన్ తీసుకున్నాడు. మూడెకరాల కౌలు చేను, బీపీటీ 5204. కంకులు బాగా వంగాయి. మినుములు చల్లేశాడు. గురువారం నుంచి కోత. మిషను వద్దట, గేదెలకి గడ్డి కావాలి, మనుషుల్తోనే కోయిస్తాడట.

ఈ రోజుల్లో మా నల్లరేగడి చెప్పుల్ని వదలదు. ఒక్కసారి ఆ గట్టు మీద నడవాలనిపించింది.

నవంబర్ 30

ఖర్దుంగ్ లా దాటాం. బండిలో ఎవరూ మాట్లాడలేదు. దిగితే ష్యోక్, ఆ తర్వాత నుబ్రా లోయ. మంచు కొండల కింద ఇసుక తిన్నెలు.

బేస్ క్యాంప్ చేరేసరికి చీకటి. ముందు ఓపీ బాబా గుడికి తీసుకెళ్ళారు. గ్లేసియర్ ఎక్కేవాళ్ళూ దిగినవాళ్ళూ అక్కడ రిపోర్ట్ ఇస్తారు. నేను ఎక్కేవాణ్ణి కాదు. అయినా చెప్పుకున్నాను. ఏం చెప్పుకున్నానో ఇక్కడ రాయను.

డిసెంబర్ 2

షెడ్డులో రిపేరుకి నాలుగు స్నో స్కూటర్లు, ఒక జనరేటర్. పైన పోస్టులకి కిరోసిన్ జెరీకేన్లు లాగేది ఈ స్కూటర్లే. కిరోసిన్ లేకపోతే మంచు కరగదు, తాగడానికి నీళ్ళుండవు. ఒక్కో బండి ముందు కూర్చుంటే అదే గుర్తొస్తోంది.

చిన్న నట్టు అందక గ్లవ్ తీశాను. ఒక్క నిమిషం. పానా వేళ్ళకి అంటుకుపోయింది. లాగితే దాంతోపాటే చర్మం. ఉస్తాద్ హిందీలో తిట్టాడు. అచ్చం నాన్న తిట్టినట్టే ఉంది.

డిసెంబర్ 4

టీవీలో మ్యాప్ మీద మా వైపే సుడి తిరుగుతోంది. మిగ్‌జాం తుఫాను. నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందట.

కోత అయిపోయి ఉంటుంది. పనలు చేలోనే ఉంటాయి.

నాన్న ఫోన్ ఎత్తాడు. "చినుకులేరా. నువ్వు తిన్నావా?" వెనక రేకుల మీద వాన మోత. ఆయన మాట కూడా సరిగా వినపడలేదు.

డిసెంబర్ 5. రాత్రి

మధ్యాహ్నం బాపట్ల దగ్గరే దాటింది. మా ఊరికి ఎంత దూరమని!

ఒక్క ఫోనూ కలవట్లేదు. ఇక్కడ మొన్న అక్టోబర్‌లో 15,500 అడుగుల పైన బీఎస్ఎన్ఎల్ టవర్ పెట్టారు. ఆ మంచులోంచి ఇళ్ళకి మాట్లాడుకుంటున్నారు. మా కాకుమానుకి మాత్రం పోవట్లేదు.

జనరేటర్ సాయంత్రం స్టార్టయింది. అందరూ భుజం తట్టారు.

డిసెంబర్ 7

తమ్ముడు దొరికాడు. నల్లమడ వాగు పొంగింది. చేలో మోకాటి లోతు నీళ్ళు, పనలు తేలిపోయాయి. నాన్న రెండ్రోజులుగా నీళ్ళలోనే ఉన్నాడట, పన పనా ఎత్తి గట్టు మీద వేస్తూ. గింజ మొలకెత్తకుండా ఉప్పునీళ్ళు కొడుతున్నారు, లీటరుకి యాభై గ్రాములు.

"నేను చెప్పానని నాన్నతో అనమాక అన్నయ్యా."

సరే అన్నాను. మా ఇంట్లో ఎవరం ఎవరికి నిజం చెప్పాం గనక?

సెలవు అర్జీ రాశాను.

డిసెంబర్ 8

అర్జీ జేబులోనే ఉంది.

పై నుంచి చీతా హెలికాప్టర్లో ఒక కుర్రాణ్ణి దించారు. కాలివేళ్ళు నల్లగా. ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు. ఏ ఊరని అడిగితే నవ్వాడు, చెప్పలేదు.

రెండు స్కూటర్లు మిగిలాయి. నేను వెళ్తే ఇంకో మెకానిక్‌ని పంపాలి, వాడూ లేహ్‌లో ఆరు రోజులు కూర్చోవాలి.

వెళ్ళి మాత్రం ఏం చేస్తాను? పనలెత్తుతాను. నాన్నకి కావాల్సింది అదే కదా.

డిసెంబర్ 11

స్మారకం దగ్గర నిలబడ్డాను. 2016 ఫిబ్రవరి 3, సోనం పోస్ట్, 19,600 అడుగులు. హనుమంతప్పతో కలిపి మద్రాస్ రెజిమెంట్ వాళ్ళు పదిమంది. మన ముస్తాక్ అహ్మద్ కూడా, అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె. ఇంటికి చివరిసారి ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పి ఉంటాడు? ఇక్కడ బానే ఉందనేనా?

అర్జీ చింపేశాను. ఎందుకో రాయడం చేతకావట్లేదు.

డిసెంబర్ 14

ఆఖరి స్కూటర్ పొద్దున వెళ్ళింది. మంచులో దాని గీత కనిపించినంత దూరం చూశాను.

డిసెంబర్ 17. ఆదివారం

నాన్నే ఫోన్ చేశాడు. గొంతు బొంగురు. ఎకరానికి ముప్పై బస్తాలు అనుకున్నది పన్నెండు. అదీ రంగు మారింది. మినుములు కుళ్ళిపోయాయి, మళ్ళీ చల్లాలి. అడక్కుండానే అన్నీ చెప్పాడు. ఎప్పుడూ ఇలా చెప్పడు.

"అక్కడ చలెట్టా ఉంది?"

"లేహ్‌లో పర్లేదు నాన్నా."

"నేనడిగింది లేహ్ సంగతి కాదురా."

ఎవరు చెప్పారు? ఎప్పట్నుంచి తెలుసు?

వేళ్ళు లెక్కపెట్టి చెప్పమన్నాడు. ముందు చేతులవి. తర్వాత కాళ్ళవి. మేజోళ్ళు విప్పి లెక్కపెట్టాను.

ఇరవై.