పది శాతం గీత

బీమా ప్రీమియం ఇష్టంగా కట్టే మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆయన మా మేనమామ. తెనాలిలో ఒక సహకార బ్యాంకులో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యారు. పింఛను లేదు. చేతికొచ్చిన సొమ్ము డిపాజిట్లలో వేసుకుని, ఆ వడ్డీ మీద అత్తయ్యా ఆయనా కాలం గడుపుతున్నారు. ఉద్యోగంలో ఉండగానే ఇద్దరి పేరా ఆరోగ్య బీమా తీసుకున్నారు. ఏటా గడువుకు ముందే కట్టేసేవారు. అత్తయ్యకు శుక్లం ఆపరేషన్ జరిగినప్పుడు తప్ప క్లెయిమ్ పెట్టిన సందర్భం లేదు. అలాంటి మనిషికి ఒక ఏడాది రెన్యువల్ నోటీసు వచ్చింది. ప్రీమియం ముందటేడాది కంటే సగానికి సగం ఎక్కువ.

ఆ సాయంత్రం ఫోన్ చేశారు. "నేనేం చేశాన్రా? ఒక ఏడాది పెద్దవాణ్ణయ్యాను, అంతేగా!" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే, లెక్క తేలని లెడ్జరు ముందు కూర్చున్న గుమాస్తా అయోమయమే ఎక్కువగా వినిపించింది.

నాకు తెలిసిన కారణాలు చెప్పాను. ఆస్పత్రి ఖర్చులు ఏటేటా పెరుగుతున్నాయి. వయసు మీదపడ్డవారి క్లెయిములు ఎక్కువ. అందరూ కట్టిన డబ్బు ఒకచోట చేరి, అందులోంచే జబ్బుపడ్డవారి బిల్లులకు వెళ్తుంది కాబట్టి, బిల్లులు పెరిగితే మన వాటా పెరుగుతుంది. ఆయన ఓపిగ్గా విన్నారు. "అదంతా సరే అబ్బాయ్. కట్టమంటావా, మానేయమంటావా?"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోయాను. ధర నచ్చకపోతే కొనడం మానేయడం, కొనేవాడికున్న ఒకే ఒక బలం. అరవై దాటి, బీపీ, షుగరు ఉన్న మనిషికి ఆరోగ్య బీమా విషయంలో ఆ బలం ఎక్కడుంది? ఇవాళ మానేసి రేపు కొత్త పాలసీ తీసుకుంటే, ఉన్న జబ్బులకు క్లెయిము చెల్లని వెయిటింగ్ పీరియడ్ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. పోర్టబిలిటీ అనే సదుపాయం ఉంది నిజమే. పాత పాలసీలో గడిచిన కాలాన్ని లెక్కలో ఉంచుతూ వేరే కంపెనీకి మారవచ్చు. కానీ మన దరఖాస్తు తీసుకోవాలా వద్దా అన్నది ఆ కంపెనీ చేతిలో ఉంటుంది. ఏళ్ళ తరబడి కట్టినకొద్దీ పాలసీ విలువ పెరుగుతుంది, దాన్ని వదిలి బయటికి వచ్చే దారి ఇరుకవుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఏళ్ళలో కట్టి, అవసరం వచ్చే ఏళ్ళలో తప్పుకోవలసి వస్తే, అన్నాళ్ళూ కొన్నదేమిటి?

మావయ్య ఒక డిపాజిట్ గడువుకు ముందే రద్దు చేసుకుని ఆ ఏడాది ప్రీమియం కట్టారు.

2025 జనవరి 30న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది. కొన్ని పాలసీల్లో సీనియర్ సిటిజన్లకు ప్రీమియం విపరీతంగా పెరుగుతోందని, పరిమిత ఆదాయంతో బతికే వారిమీద ఇది పెద్ద భారమని అది గుర్తించింది. అరవై ఏళ్ళు, ఆపైన ఉన్నవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా తనతో సంప్రదించాలంది. వారికిచ్చిన వ్యక్తిగత పాలసీలను ఉపసంహరించుకోవాలన్నా అంతే. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. ఆ పక్కగా వెళ్తూ కూడా, మన ఇంటి ఖర్చుల పుస్తకంలో ఒక పద్దును అక్కడ తూకం వేస్తారని ఎంతమందిమి అనుకుంటాం?

ఈ సర్క్యులర్ ఎందుకు అవసరమైందో అర్థం కావాలంటే ముందటి ఏడాది మార్పులనూ చూడాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి, అరవై అయిదు దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వకుండా అడ్డుపడే వయోపరిమితి పోయింది. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా నాలుగేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గింది. వయసు పేరు చెప్పి తలుపు వేయడం ఆగింది. అయితే ధర పేరు చెప్పి అదే తలుపు వేయవచ్చు కదా! ఆ సందును పూడ్చే ప్రయత్నంగా నాకు ఈ పది శాతం గీత కనిపించింది. ముసలివారిమీద ప్రభుత్వానికి కలిగిన దయ అని దీన్ని పత్రికల్లో కొందరు మెచ్చుకుంటే నాకు ఒప్పుదల కాలేదు. బేరమాడే శక్తి లేని కొనుగోలుదారు తరఫున ఎవరో ఒకరు బేరమాడాలి. ఇందులో దయ ప్రసక్తి ఏముంది?

ఆ తర్వాత తెనాలి వెళ్ళినప్పుడు ఈ సంగతి ఉత్సాహంగా చెప్పాను. మావయ్య సంతోషిస్తారనుకున్నాను. ఆయన క్యాలెండరు వెనకవైపు పెన్నుతో లెక్క వేయడం మొదలుపెట్టారు. ఈ ఏడాది 40,000 అనుకో, వచ్చే ఏడాది 44,000, ఆపై ఏడాది 48,400... అలా ఎనిమిదేళ్ళకు 85,744 దగ్గర పెన్ను ఆపారు. "ముప్ఫై ఏళ్ళు కౌంటరు అవతల నిలబడ్డవాళ్ళకి చక్రవడ్డీ మనకోసం పనిచేస్తుందని చెప్పాను. ఎదురుతిరిగితే ఎలా ఉంటుందో ఇప్పుడు చూస్తున్నాను" అని నవ్వారు. ఆయన డిపాజిట్ల మీద వచ్చే వడ్డీ ఏటా పది శాతం పెరగదు. ఏడో ఏడాదికే రెట్టింపుకు చేరువయ్యే ప్రీమియానికీ, కదలని ఆదాయానికీ మధ్య అంతరాన్ని ఏ గీతా మూసేయలేదు. ఒక్కసారిగా పడే దెబ్బను అది ఆపగలదు, అంతే. ఆ మేరకు అది చిన్న విషయమనీ అనను. దెబ్బ ముందే తెలిస్తే మనిషి సర్దుకోగలడు, పిల్లలతో మాట్లాడగలడు.

2025లోనే సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియాల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. అందాకా 40,000 ప్రీమియానికి పన్నుతో కలిపి 47,200 అయ్యేది. మంచి ఊరటే. మావయ్య లెక్క ప్రకారం రెండు పెంపులతో అది కరిగిపోతుంది. ఆయన లెక్కలో తప్పు నాకు దొరకలేదు.

నన్ను ఎక్కువగా తొలిచిన సందేహం వేరే ఉంది. ఆయన ప్రీమియానికి గీత గీస్తే, గీత అవతల మిగిలిపోయిన ఖర్చు ఎవరు మోస్తారు? కంపెనీ తన లాభంలోంచి కొంత భరించవచ్చు. లేదా నాలాంటి నడివయసువాళ్ళ పాలసీల మీద వేయవచ్చు. నాకు యాభై నిండలేదు. నా ప్రీమియానికి అలాంటి గీత లేదు. ఒక ఏడాది నాకు వచ్చిన పెంపు చూసి, మావయ్య వాటాలో కొంత నేను కడుతున్నానా అనుకున్నాను. అనుకున్నాక, కడితే తప్పేముంది అనీ అనిపించింది. ఆయన నా వయసులో ఉన్నప్పుడు కట్టిన డబ్బు ఎవరి ఆపరేషన్లకు పోయిందో ఆయనకు తెలియదు, అడగలేదు కూడా. అయితే ఈ ఆలోచనను మరీ సాగదీస్తే ప్రమాదమే. భారం పెరిగితే ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళు పాలసీలు మానేస్తారు, మిగిలినవారిలో రోగులే ఎక్కువవుతారు, ప్రీమియం ఇంకా పెరుగుతుంది. ఉదారంగా ఉంటే చాలుననుకునే మనస్తత్వానికి ఇక్కడ లెక్క అడ్డువస్తుంది.

అలా లెక్కను తవ్వుకుంటూ పోతే అడుగున కనిపించేది ఆస్పత్రి బిల్లు. ప్రీమియం దాని నీడ మాత్రమే. అదే సర్క్యులరులో ఐఆర్‌డీఏఐ, ఆయుష్మాన్ భారత్ తరహాలో ఆస్పత్రులతో ఉమ్మడిగా ప్యాకేజీ ధరలు మాట్లాడుకునే ప్రయత్నం చేయమని కంపెనీలకు చెప్పింది. అంటే జబ్బు ఎక్కడుందో దానికీ తెలుసు, మందు వేసే అధికారం మాత్రం దాని చేతిలో లేదు. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 2010లో వచ్చింది. ఆస్పత్రి ఛార్జీలకు కేంద్రం ఒక శ్రేణి నిర్ణయించాలని 2012 నిబంధనల్లో ఉంది. అది ఇన్నేళ్ళైనా ఎందుకు జరగలేదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే అడిగింది. బీమా కంపెనీని నిలదీయడానికి ఒక సంస్థ ఉంది. ఒకే ఆపరేషనుకు పక్కపక్క ఆస్పత్రుల్లో వేర్వేరు బిల్లులెందుకని దేశమంతటికీ కలిపి అడిగే సంస్థ లేదు. ప్రీమియానికి గీసిన గీత బిల్లుకు కూడా గీయనంతకాలం, మావయ్య క్యాలెండరు వెనక వేసిన లెక్క తప్పదు.

అందాకా మన చేతిలో ఉన్నది చిన్నపనే. ఇంట్లో అరవై దాటినవారి రెన్యువల్ నోటీసు వస్తే, డబ్బు పంపేముందు పాత రసీదు పక్కన పెట్టి ఎంత శాతం పెరిగిందో చూడండి. పదికి మించితే కారణం రాతపూర్వకంగా ఇమ్మని కంపెనీ గ్రీవెన్స్ అధికారిని అడగండి. జవాబు సరిగా లేకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 టోల్ ఫ్రీ నంబరు ఉంది. చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఈ నోటీసులు పిల్లలకు చూపించరు. మనమే అడగాలి.