మరిడమ్మ జాతర అయ్యాక తుపాను పద్దు

నాన్నగారు పోయాక ఆయన ట్రంకుపెట్టెలో ఒక పాత ప్రామిసరీ నోటు దొరికింది. చెల్లు రాయించుకుని, మడత పెట్టి దాచారు. పదివేల రూపాయలు, నూటికి మూడు రూపాయల వడ్డీ, 1996 నవంబర్. ఆ నెల 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. కోనసీమలో కొబ్బరితోటలు తోటలుగా కూలిపోయాయి. పెద్దాపురంలో మాకు పోయింది ఇంటి కప్పొక్కటే. తెల్లారి లేచి చూస్తే సగం పెంకులు వీధిలో, సగం దొడ్లో ఉన్నాయి.

ఆ అప్పు కప్పు కోసం చేసిందే. నెలకు 300 చొప్పున నాలుగేళ్లు వడ్డీ కట్టి, చివరికి అమ్మ రెండు పేటల గొలుసు అమ్మి అసలు తీర్చారు. వడ్డీకే 14,400 అయ్యాయి. అంటే పదివేల కప్పు మాకు 24,400కి పడింది. అందులోనూ ఆ పదివేలకు రావలసినంత పని రాలేదు. ఊళ్లో ప్రతి ఇంటికీ అదే వారం పెంకులు కావాలి, వడ్రంగి కావాలి, వాసాలు కావాలి. ఎవరు ఎంత చెబితే అంత. అమ్మ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "ఆ నాలుగు వాసాలూ మార్పించండీ అని ఆషాఢం నుంచీ చెబుతూనే ఉన్నాను." నాన్నగారు పంట చేతికొచ్చాక చూద్దామన్నారు. పంటకంటే ముందు తుపాను వచ్చింది.

నా సంపాదన మొదలయ్యాక నేను చేసుకున్న ఏర్పాటు ఆ మాట లోంచి పుట్టిందే. బ్యాంకులో నెలకు వెయ్యి రూపాయల రికరింగ్ డిపాజిట్, ఏడాది గడువు. అది జూలైలో చేతికొచ్చేలా మొదలుపెట్టాను. ఆషాఢంలో మా ఊళ్లో మరిడమ్మ తల్లి జాతర జరుగుతుంది. చుట్టాలు వచ్చి వెళ్లాక, ఆ 12 వేల పైచిలుకుతో ఇంటి చుట్టూ తిరుగుతాం. దాబా మీద నీరు పోయే గొట్టాలు, వసారా రేకుల బోల్టులు, ఇంటి మీదికి వాలిన వేపకొమ్మలు, అన్నీ అప్పుడే. మన తీరానికి పెద్ద గాలివానలు ఎక్కువగా అక్టోబర్, నవంబర్‌లలో వస్తాయి కాబట్టి శ్రావణంలో పని చేసేవాళ్లు తీరికగా దొరుకుతారు. కొమ్మలు కొట్టే మనిషి ఆ రోజుల్లో అడిగే కూలి ఒకటి, చెట్టు ఇంటి మీద పడ్డాక అడిగేది ఇంకొకటి. అతన్ని తప్పుపట్టను, ప్రమాదమూ అప్పుడే ఎక్కువ.

ఇంట్లో నోట్లు ఉండాలన్న సంగతి మాత్రం 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు తెలిసింది. మా అక్క అక్కడే ఉంటుంది. బ్యాంకులో డబ్బుంది, చేతిలో కార్డుంది, కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు. పాలకీ నీళ్లకీ పక్కింటి వాళ్ల దగ్గర రెండు వేలు చేబదులు తీసుకుంది. "అడగడానికి నోరు రాలేదు రా తమ్ముడూ" అంది. ఆ నెలలోనే ఒక రేకు డబ్బాలో పదివేలు పెట్టి అటకెక్కించాను. అన్నీ ఐదువందల, వెయ్యి నోట్లే. 2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్ల రద్దుతో సరిగ్గా తుపాన్ల నెలలో ఆ డబ్బా ఉన్నా లేనట్టే అయింది. ఇప్పుడు సగానికి పైగా వందలూ రెండువందలే పెడుతున్నాం. చిల్లర లేని రోజున పెద్ద నోటు ఇచ్చి ఒక పాలప్యాకెట్ కొనడం ఎంత కష్టమో అక్కని అడగాలి. అందరూ ఫోన్‌తో చెల్లిస్తున్న ఈ రోజుల్లో డబ్బా అవసరం ఇంకా పెరిగిందనే నా నమ్మకం.

ఇంటికి బీమా చాలా ఆలస్యంగా చేయించాను. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా పాలసీ వచ్చింది. తుపాను, వరద, అగ్నిప్రమాదం, భూకంపం అందులో ఉన్నాయి. విలువ కట్టేటప్పుడు స్థలం ధర కలపకూడదు, ఇల్లు మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అంతే రాయాలి. మేం 15 లక్షలకు రాయించాం. అందులో 20 శాతం, అంటే మూడు లక్షల వరకు, ఇంట్లో సామానుకీ వర్తిస్తుంది. ఏటా ఆగస్టులో గది గదికీ ఫోటోలు తీసి అక్క ఫోన్‌కి పంపుతాను. ఉన్న వస్తువులు చూపించలేకపోతే పోయినవి ఎలా చెప్పగలం?

బండి విషయంలో ఆ జాగ్రత్త పడలేదు. 2024 సెప్టెంబర్‌లో ఏలేరు పొంగినప్పుడు పొలానికి వెళ్లిన నా మోటార్‌సైకిల్ నీళ్లలో మునిగింది. కంగారులో స్టార్ట్ చేశాను, ఇంజన్‌లోకి నీళ్లు లాగేసింది. నాకున్నది థర్డ్ పార్టీ బీమా. ఎదుటివాళ్లకు జరిగిన నష్టమే అది ఇస్తుంది, మన బండికి ఏమీ రాదు. సమగ్ర బీమా ఉన్నా, నీళ్లలో స్టార్ట్ చేసి పాడుచేసుకున్న ఇంజన్‌కి విడిగా ఇంజన్ రక్షణ తీసుకోకపోతే డబ్బు రావడం కష్టమని మెకానిక్ దగ్గరే విన్నాను. బాగుచేయించడానికి 11 వేలు. బండి మునిగితే తాళం తిప్పకుండా తోసుకుంటూ రావాలని మా అబ్బాయికి ఇప్పుడు ప్రతి వానకీ చెబుతున్నాను.

2025 అక్టోబర్‌లో మొంథా కాకినాడ దగ్గరే తీరం దాటుతుందన్నారు. ఊరంతా కొవ్వొత్తుల కోసం, నీళ్ల టిన్నుల కోసం పరుగెడుతుంటే మా ఆవిడ ఇంటి కాగితాలూ పిల్లల సర్టిఫికెట్లూ ప్లాస్టిక్ సంచిలో కట్టి బీరువా పైఅరలో పెట్టింది. మేం కొనుక్కోవలసింది పాలూ కూరలే. 28వ తేదీ అర్ధరాత్రి వేళ తుపాను నరసాపురం వైపు తీరం దాటింది. మాకు వసారా మీద రెండు రేకులు లేచాయి. రేకులు, బోల్టులు, కూలి కలిపి 2,600. డబ్బాలోంచి తీసి మర్నాడే ఇచ్చేశాం. సర్వేయరు కోసం ఎదురుచూసేంత నష్టం కాదు కనుక బీమా వాళ్లకు ఫోన్ చేయలేదు.

వసారాకి రేకులు వద్దు, స్లాబు వేయించేద్దాం అంటోంది మా ఆవిడ. లెక్క వేసుకున్నాం. ఈసారి రికరింగ్ డిపాజిట్ నెలకు 1,500 చేశాం.