మ్రొక్కు లేని ప్రయాణము

మన యిండ్లలో స్త్రీ గడప దాటి పొరుగూరు పోవుటకు మూడే కారణములు: పుట్టినింటి పిలుపు, పెండ్లి పేరంటము, దేవుని మ్రొక్కు. ఈ మూటియందును ఆమెకు పని యుండును గాని తీరిక యుండదు. పుట్టినింట వదినెకు సాయపడవలెను. పెండ్లిలో విస్తళ్లు చూడవలెను. మ్రొక్కునకు పోయినచోట పొంగలి వండి, పిల్లలకు పెట్టి, గిన్నెలు కడిగి, మూట గట్టుకొని బండి యెక్కవలెను. ఊరక చూచుటకై పోవుట మగవారికిని బడిపిల్లలకును మాత్రమే చెల్లినది. సోదరీమణులారా, ఏడాదికి రెండుమూడు దినములైనను మనమును చూచుటకై పోవలెనని నా మనవి. ఇందులకు ఊటీ, కాశ్మీరము లక్కఱలేదు. మా హిందూపురము చుట్టుపట్లనే చాలినన్ని చోట్లు గలవు.

మా యత్తగారు ఈ యూరికి కోడలుగా వచ్చి యేబది సంవత్సరములు దాటినవి. ఇక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షికి, వీరభద్రుని మ్రొక్కులకై, వారు లెక్కలేనిమార్లు పోయివచ్చిరి. నిరుడు వారి కంటిలో పొర యేర్పడినదని వైద్యుడు చెప్పెను. ఆ వారముననే, నేను పిల్లలకు ఆ గుడి పైకప్పుమీది చిత్రములను గూర్చి చెప్పుచుండగా విని, "అమ్మాయీ, అక్కడ పైన బొమ్మలున్నవా?" యని యడిగిరి. నాకు నోట మాట రాలేదు. అన్నిమార్లు పోయియు తలయెత్తి చూచుటకు వారికి ఒక్క గడియ చిక్కలేదు.

ఆ నెలలోనే మేము నలుగురు స్త్రీలము ఏ మ్రొక్కును లేక లేపాక్షికి పోయితిమి. రెండు నియమములు ముందే చేసికొంటిమి: అక్కడ పొయ్యి వెలిగింపరాదు, ఆ దినము ఇంటివంట మగవారిది. తెల్లవారకమునుపే చిత్రాన్నమును పెరుగన్నమును కలిపి ఆకులలో పొట్లములు కట్టితిమి. తిన్నపిదప కడుగవలసిన గిన్నె యొక్కటియు లేదు.

ఈ గుడి విజయనగరమునేలిన అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరుపణ్ణ, వీరణ్ణ యను సోదరులు కట్టించినది. తాబేటివీపును బోలినందున ఆ గుట్టకు కూర్మశైలమని పేరు. నాట్యమండపమున నేలకు పూర్తిగా నానని స్తంభ మొకటి కలదు. వచ్చినవారెల్లరు వంగి దానిక్రింద గుడ్డ దూర్చి, ఈవలికి లాగి, అబ్బురపడి వెడలిపోవుదురు. చిత్రముల పైకప్పు వారి తలలమీదనే యుండును! పార్వతీకల్యాణము, ద్రౌపదీస్వయంవరము, కిరాతార్జునీయము మొదలగు కథలన్నియు అందు గలవు. ఆ కాలపు చీరల చారలు, సిగల ముడులు, మగవారి పొడుగు కుళ్లాయిలు చూచుచుండగా పొద్దు తెలియదు.

మా యత్తగారు స్తంభమున కానుకొని కూర్చుండి చాలసేపు చూచిరి. పొర కమ్మిన కంటికి రంగులు మసకగా తోచినను గీతలు తెలిసినవి. శివుడును అర్జునుడును ఒకే యడవిపందిని కొట్టి, నాది నాదని పోరాడిన కథను మాకు వారే చెప్పిరి. శస్త్రచికిత్స యైన పిదప మరల తీసికొనిపొమ్మనిరి. వెలుపల సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల యెత్తుగల యేకశిలానందిని చూచి సాయంకాలమునకు ఇల్లు చేరితిమి.

ఆ గుడి యావరణములోనే లతామండపమున్నది. దాని స్తంభములమీది తీగలను, పూవులను, పక్షులను చూచినచో మీ పెట్టెలోని పట్టుచీర అంచు జ్ఞప్తికి రాకమానదు. ఆ నమూనాలను నేతగాండ్రు అంచులలో దించుట కలదు. కావున రెండవ ప్రయాణము ధర్మవరమునకు పెట్టుకొనుడు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును బెంగుళూరు–గుంతకల్లు రైలుదారిలోనివే. చీర వెల యడుగుటకు గాక, మగ్గమున పడుగులో పేక కలియుటయు, ఆ యింటి ఆడువారు కండెలు చుట్టుటయు చూచుటకై పోవుడు. అటుపిమ్మట మీరు చీర మడచు తీరే మాఱును.

పెనుకొండకు చలికాలపు టుదయము తగినది. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలిన తరువాత తిరుమలరాయలు ఇచ్చటినుండియే రాజ్యమేలెను. నాటి గగనమహలు ఇప్పటికిని నిలిచియున్నది. పచ్చరాతి పార్శ్వనాథుని జైనాలయమును, అన్ని మతములవారు కొలుచు బాబయ్య దర్గాయును ఆ యూరనే కలవు. మోకాళ్ల నొప్పులు గలవారు కొండయెక్కక ఊరిలోనివి చూచినను ఆ దినము వ్యర్థము కాదు.

ఇంక చిలమత్తూరు మండలములోని వీరాపురమున ఏటేట ఎఱ్ఱకాళ్ల కొంగలు ఊరి చెట్లపై గూళ్లు కట్టును. వానిని సైబీరియా కొంగలని జనులందురు గాని అవి మన దేశపు పక్షులే. ఇండ్లనడుమ నుండు ఆ గూళ్లను ఊరివారు కాపాడుచున్నారు.

ఖర్చెక్కడిదని కొందఱందురు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రమున స్త్రీశక్తి పథకము మొదలై, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు ఖర్చు తప్పినది. తీరికయెక్కడిదని మఱికొందఱందురు. తీరిక యెవరును తెచ్చియీయరు. పంచాంగము తెఱచి, ఒక దినమునకు గుఱుతు పెట్టి, ఆ దినము వంట యెవరిదో ముందే తేల్చుకొనవలెను. పోవునపుడు మీ యింటి పెద్దావిడను తప్పక వెంట తీసికొనిపోవుడు. మన కింకను వ్యవధి గలదు. వారి కన్నులకు అంత వ్యవధి లేదు.