చప్పుడు లేని వాచీ

బావగారి విమానం రెండు గంటలు ఆలస్యమని తెలిసి, శంషాబాద్ విమానాశ్రయం బయట టీ తాగుతూ కూర్చున్నాను. అలాంటప్పుడు మనిషికి ఉండే పని ఒకటే కదా, మాటిమాటికీ వాచీ చూసుకోవడం. నా చేతికున్నది టైటాన్ ఎడ్జ్. 2002లో ఆ వాచీ బజారులోకి వచ్చింది. ఆ మరుసటి ఏడు దాన్ని కొన్నప్పుడు మా ఇంట్లో మొదలైన వాదన నేటికీ తెగలేదు.

దాని మందం మొత్తం 3.5 మిల్లీమీటర్లు. లోపలి యంత్రం 1.15 మాత్రమే. చొక్కా కఫ్ కిందికి ఇట్టే జారిపోతుంది. పెళ్ళిళ్ళకూ సభలకూ పెట్టుకునే వాచీకి ఉండవలసిన మొదటి లక్షణం అదేనని నా అభిప్రాయం. ఇంత పలుచని వాచీ కావాలని పట్టుబట్టినవాడు టైటాన్‌ను మొదటినుంచీ నడిపించిన జెర్క్సెస్ దేశాయ్. యంత్రాన్ని పలుచన చేయడం ఒక ఎత్తు, అంత సన్నని కేసులోకి నీరు చొరబడకుండా చూడడం మరొక ఎత్తు. ఆ పని జరిగింది జెనీవాలో కాదు, హోసూరులో. (తమిళనాట ఉన్నా తెలుగు వినిపించే మొరసునాటి ఊరు. నా పక్షపాతానికి అదీ ఒక కారణమేమో!)

నాన్నగారి పదవీ విరమణకు నా సొంత సంపాదనతో కొని ఇచ్చాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. తరువాత చెవికి ఆనించుకున్నారు. చప్పుడు లేదు. డయలు వంక చూశారు. సెకన్ల ముల్లూ లేదు.

"ఇది నడుస్తోందని ఎట్లా తెలుస్తుందిరా?"

"ఒక్క నిమిషం ఆగి చూడండి."

"కీ ఎప్పుడివ్వాలి?"

"అక్కర్లేదండీ, సెల్లుతో నడుస్తుంది."

"మరి నాతో దానికేం పని?" అని పెట్టెలో పెట్టేశారు.

పొద్దున కాఫీ తాగి తన హెచ్.ఎం.టి. జనతాకు కీ ఇవ్వడం ఆయనకు సంధ్యావందనంతో సమానం. ఆ సంగతి తెలిసీ నాకు కోపం వచ్చింది. చాలా రోజులు ఆ ఊసే ఎత్తలేదు. ఆయన పోయాక జనతాను అక్క అమెరికా తీసుకువెళ్ళింది, ఎడ్జ్ నాకు మిగిలింది. పెట్టె తెరిచేసరికి సెల్లు ఎప్పుడో అయిపోయి ఉంది.

బావగారు బయటికి వస్తూనే నా మణికట్టు చూశారు. "ఏమోయ్, ఇంకా ఆ సెల్లు వాచీయేనా?"

ఆయనకు కీ ఇచ్చే వాచీలంటే ప్రాణం. కారెక్కగానే మొదలుపెట్టారు. "సెల్లు వేసి పలుచన చేయడం గొప్పా? పియాజే వాళ్ళు 1957లోనే కీ ఇచ్చే యంత్రాన్ని 2 మిల్లీమీటర్లకు కుదించారు. 2018లో వాచీ మొత్తాన్నే 2 మిల్లీమీటర్లలో చేసి చూపించారు. పళ్ళచక్రాలతో చేస్తే అదోయ్ పనితనం!"

"ఆ రెండోదాని వెలకు ఇక్కడే మంచి ఇల్లొస్తుంది, బావగారూ. గుమస్తా కూడా కొనుక్కోగలిగిన వాచీని అంత పలుచన చేయడం పనితనం కాదా?" అన్నాను. అన్నానేగానీ, ఆయన మాటలో నిజం లేకపోలేదు. నాన్నగారు అడిగినదీ ఇంచుమించు అదే ప్రశ్న.

ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్ వే ఎక్కాక బావగారు చేతిసంచిలోంచి రుమాలు మూట తీశారు. అందులో జనతా.

"ఆర్నెల్లుగా ఆగిపోతోంది. అక్కడ ఎవరూ ముట్టుకోలేదు. ఇక్కడ నీకు తెలిసినవాళ్ళున్నారా?"

హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయాలని ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. పాత వాచీల భాగాలు తీసి దాచుకునే ముసలి మెకానిక్ ఒకాయనను నేనెరుగుదును. చూద్దామన్నాను. బావగారు నెమ్మదిగా కీ తిప్పి, దాన్ని నా చెవికి ఆనించారు. నేను స్టీరింగు పట్టుకుని, పాట ఆపేసి విన్నాను.

మెహదీపట్నం దాకా ఆడింది.